తెల్లగా వదిలిన కొండ

మా ఇంట్లో కుడి ఎడమలు మనుషులవి కావు, స్వామివి. మా కోనవరదుడు తూర్పుముఖంగా నిలబడి ఉంటాడు. ఆయన కుడిచేతి పక్క కుడి, ఆయన ఎడమచేతి పక్క ఎడమ. ఎదురుగా నిలబడి దండం పెట్టుకునేవాడికి అంతా తిరగబడుతుంది, కానీ వాడి సంగతి మా ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. గర్భగుడిలో ఏ దీపం ఎటు పెట్టాలో చెప్పుకోవడానికి పుట్టిన అలవాటు వంటింటి దాకా పాకింది. మా అమ్మ రమామణికి ఉప్పు డబ్బా కూడా స్వామికి ఎడమపక్కనే ఉంటుంది. నేను తిరుపతిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆటో డ్రైవరు కుడికి తిప్పాలా అని అడిగితే, ఎవరి కుడికి అన్నాను. అతను అద్దంలోంచి నన్నొకసారి చూసి, తనకు తోచినవైపు తిప్పాడు.

వరదకోన, పుత్తూరు దాటాక కొండ మొదట్లో ఉన్న చిన్న ఊరు. మా నాయన సారంగపాణి ఆ గుడి అర్చకుడు. గుడి వెనక, అంటే పడమర, కొండ. కొండలో లోపలెక్కడో శంఖుధార అనే ఊట ఉంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో స్వామి తిరుమంజనానికి, అంటే అభిషేకానికి, నీళ్ళు అక్కడినుంచే రావాలి. ఆ దారి మా ఇంటి మగవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలియనివ్వరు. దాని మీద మా వాళ్ళకు ఎంత గొప్పంటే, తెల్లదొరల కాలంనాటి కథ ఒకటి ప్రతి పండక్కీ పులిహోరతో పాటు వడ్డిస్తారు. కొండను కొలవడానికి గొలుసులతో, కూలీలతో ఒక సర్వే దొర వచ్చాడట. మా ముత్తాత పరంధామయ్యను దారి అడిగాడట. ఈయన చెప్పాడట. దొర పొద్దంతా తిరిగి, బూట్లు చించుకుని, మళ్ళీ గుడి దగ్గరికే వచ్చి కూలబడ్డాడట. ఆ కోపంలో పటం మీద ఆ చోటు తెల్లగా వదిలేసి పోయాడట. తన నాయన దొర చెవిలో పువ్వు పెట్టినాడని తాత చెప్పి చెప్పి నవ్వేవాడు.

ఆ ఇంట్లో పుట్టిన నాకు దొరికిన ఉద్యోగం పటాలు గీయడం. ఉపగ్రహం తీసిన ఫొటోల మీద రోడ్లు, కాలువలు, హద్దులు కంప్యూటర్లో గీసి ప్రభుత్వానికి అప్పజెప్పే చిన్న కంపెనీ మాది. నగరి మగ్గాల సందుల నుంచి పులికాట్ పడవల రేవుల దాకా అన్నీ నా చేతి మీదుగా పోయాయి. మా ఊరి కొండ మాత్రం నా తెర మీద ఇప్పటికీ తెల్లగానే వస్తుంది. ఎర్రచందనం దొంగలకు దారులు తెలిసిపోతాయని అటవీ శాఖవాళ్ళు అడవి పటాల షీట్లు బయటికి ఇవ్వరు. దొర వదిలేసి పోయిన తెలుపును, దొరలు పోయి ఇన్నేళ్ళయినా అంతే భద్రంగా కాపాడుతున్నారు. ఇటు మా ఇల్లు, అటు ఆ ఆఫీసు, ఒకే గదికి చెరొక తాళం వేసుకుని కూర్చున్నారని నాకు ఒళ్ళు మండేది.

ఒళ్ళు మండటానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ దారి నాకు చూపలేదు. ఆడపిల్ల ఇంకో ఊరికి పోతుంది, దారి కూడా దానితో పాటే పోతుంది అని తాత తీర్పు. తాత బతికున్నన్నాళ్ళూ ఆయన మాటకు ఇంట్లో ఎదురు లేదు. నా తమ్ముడు నారాయణ్‌ను మాత్రం రోజూ సాయంత్రం నడవలో కూర్చోబెట్టి నాయన పాఠం చెప్పేవాడు. జంటబండల దగ్గర కుడి, గొడుగురాయి దాటాక ఎడమ, తేనెగోడ కింద మళ్ళీ కుడి. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చున్న పిల్లవాడికి అంత గొంతు చించుకుని ఎందుకు చెప్పాలో నాకు అర్థమయ్యేది కాదు. వాడు ఆవలించుకుంటూ తప్పులు చెప్పేవాడు. నేను వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని ఆ తప్పులు దిద్దుకునేదాన్ని.

తాత పోయిన మాఘంలో కాలం చేశాడు. అంతకుముందు వరకూ ఉత్సవాల్లో దీక్షా కంకణం తాత కట్టుకునేవాడు, నీళ్ళు నాయన తెచ్చేవాడు. ఈ వైశాఖంలో కంకణం నాయన చేతికి వచ్చింది, బిందె నారాయణ్ భుజానికి వచ్చింది. కంకణం కట్టుకున్నవాడు ఉత్సవాలు ముగిసేదాకా ఊరి ఎల్ల దాటకూడదు. ముగ్గురు మగవాళ్ళున్నప్పుడు ఈ నియమంతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. ఇప్పుడు లోపల ఒకడు, బయట ఒకడు. బయటవాడికి ఏమైనా అయితే వెనక వెళ్ళడానికి ఇంకొకడు లేడు. ఆ మాట ఇంట్లో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఉత్సవాల మూడోనాడు ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. తెల్లవారకముందే కొండెక్కిన నారాయణ్ మధ్యాహ్నమైనా దిగి రాలేదు. తిరుమంజనం బావి నీళ్ళతో కానిచ్చారట. అమ్మ ఏడవలేదు. ఏడిస్తే నాకు కొంచెం ధైర్యంగా ఉండేదేమో.

మా టీమ్ లీడర్ హరినాథ్ దగ్గరికి పరుగెత్తి, ఆ కొండ షీట్ ఒక్కసారి తెరిపించమని అడిగాను. పాపం ఆయన చెడ్డవాడు కాదు, అక్కడికక్కడే పైవాళ్ళకు ఫోన్ చేశాడు. లెటర్ పెట్టుకోమన్నారట. తమ్ముడు ఎండలో ఎక్కడ పడ్డాడో చూసుకోవడానికి లెటర్ ఏమని రాయాలో నాకు తెలియలేదు. బ్యాగు తీసుకుని బస్టాండుకు వచ్చేశాను. ఆ బస్సు ప్రయాణమంతా, ఆపిన ప్రతిచోటా డ్రైవరును లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను.

నేను చేరేసరికి ఎండ ఇంకా నిప్పులు చెరుగుతోంది. మంటపంలో నాయన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముంజేతికి పసుపు కంకణం, పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. అటవీ రేంజర్ సునీల్‌కుమార్ తన మనుషులతో అప్పటికే కొండెక్కాడని అమ్మ చెప్పింది. ఇదే రేంజర్ పోయిన ఎండాకాలం దారి చూపించమని వస్తే నాయన మజ్జిగ ఇచ్చి పంపేశాడు. ఈరోజు ఆయన అడగకముందే నాయన అంతా చెప్పాడట. ఇంటి బయటివాడికి ఆ దారి చెప్పడం అదే మొదలు. ఎంత చితికిపోయి ఉంటాడో అనుకుని పక్కన కూర్చున్నాను. ఏం చెప్పావు నాయనా అని అడిగాను, ఆయన్ని మాట్లాడించడానికే.

"జంటబండల కాడ కుడికి అని చెప్పినాను. గొడుగురాయి దాటినాక ఎడమకు. వాళ్ళు రాసుకొని పోయినారు."

నాకు ఆటో డ్రైవరు గుర్తొచ్చాడు.

"ఎవరి కుడికి నాయనా?"

"ఎవరి కుడి ఏందమ్మా? స్వామి కుడి."

అన్నాక ఆయన నా మొహం చూశాడు. నేను ఆయన మొహం చూశాను. గుడి నుంచి కొండకు పోయేవాడు పడమరకు నడుస్తాడు. స్వామి కుడి వాడికి ఎడమ అవుతుంది. రేంజర్‌కు ఆ సంగతి ఎవరు చెప్పారు? నలభై ఏళ్ళుగా ఒకే మాట ఒకే తీరుగా అంటున్నవాడికి, దాన్ని ఇంకోలా వినేవాడు కూడా ఉంటాడని తోచలేదు. కొడుకును తెచ్చుకోవడానికి చెప్పిన దారి కొడుకు లేని వైపుకు పోయింది.

అప్పుడే నాకు ముత్తాత కథ కూడా తెలిసిపోయింది. ఆయన దొర చెవిలో ఏ పువ్వూ పెట్టలేదు. అడిగిన దారి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. దొర తన కుడికి పోయాడు. ఇన్ని తరాలుగా మేము తెలివి అనుకుని నవ్వుకున్నదంతా ఇదే. ఇప్పుడు నవ్వడానికి మాకు నోరు లేదు.

గుడి దగ్గర కాపలాగా ఫారెస్టు గార్డు మునికృష్ణను వదిలి వెళ్ళారు. మా ఊరివాడే. వైర్‌లెస్ సెట్టులో ఎంత పిలిచినా గరగరమనడం తప్ప జవాబు లేదు. కొండ మలుపు తిరిగాక అది పనిచేయదని అన్నాడు. వాళ్ళు పోయిన కుడి దారి, అంటే ఉత్తరం పక్కది, ఎక్కడికి పోతుందని అడిగాను.

"ఎక్కేదానికి బాగుంటాదమ్మా. పైకి పోయినాక అంతా జారుడుబండ. దిగేదానికి దోవే ఉండదు. సీకటి పడితే వాళ్ళను తెచ్చేదానికి ఇంకొకరు పోవాల."

అంటే నారాయణ్ దగ్గరికి ఈరోజు ఎవరూ చేరరు. పొద్దున్నుంచి ఎండలో ఉన్నవాడు, రాత్రికి ఎలుగుబంట్లు తిరిగే చోట ఒంటరిగా. నేను లేచాను. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అమ్మ లోపలికి పోయి నారాయణ్ కాలేజీ బూట్లు తెచ్చి నా ముందు పడేసింది. స్వామి నీళ్ళకు పోయేవాడు ఒట్టికాళ్ళతో పోవాలి కాబట్టి అవి ఇంట్లోనే ఉన్నాయి. నాయన నా పేరు మాత్రం పిలిచాడు. వెళ్ళమని గానీ, వద్దని గానీ అనలేదు.

మునికృష్ణ నాతో వచ్చాడు. జంటబండలు కనబడగానే గుర్తుపట్టాను, ఇద్దరు ముసలివాళ్ళు గోడకు ఆనుకున్నట్టు ఉన్నాయి. కుడిపక్క మట్టిలో బూట్ల గుర్తులు పైకి పోయాయి. ఇద్దరం గొంతు చించుకుని అరిచాం. కొండ మా అరుపులనే మాకు తిరిగి ఇచ్చింది. వెనకే పోయి వాళ్ళను తిప్పుకుని రమ్మని మునికృష్ణకు చెప్పాను. ఒక్కదానివి పోతావా అన్నాడు. దారి తెలుసన్నాను. ఆ మాట నా నోటివెంట రావడం నాకే వింతగా ఉంది. ఫోన్ తీసి, నడిచిన దారిని గీసుకుంటూ పోయే యాప్ ఆన్ చేశాను. అది ఉద్యోగం నేర్పిన అలవాటు. నీళ్ళ సీసా మునికృష్ణ దగ్గరే ఉండిపోయిందని కాసేపటికి గానీ గుర్తు రాలేదు.

ఎడమ దారి మొదట తిన్నగా పోయి, తర్వాత మెలికలు తిరిగింది. ఇక్కడే నాకు భయం వేసింది. దారి తిరిగినప్పుడల్లా నా కుడి ఎడమలు నాతోపాటు తిరుగుతాయి, స్వామివి తిరగవు. వంటింట్లో కూర్చుని కంఠతా పట్టినదాన్ని కాళ్ళతో చదవాల్సి వచ్చింది. గోపురం కనబడినంతసేపూ ఫర్వాలేదు. కొండ అడ్డం వచ్చాక ఆయన ఎటు చూస్తున్నాడో ఎలా తెలుస్తుంది? నిలబడి ఆలోచించాను. సాయంత్రం సూర్యుడు స్వామి వీపు వెనకే దిగుతాడు. నా మొహాన ఎండ కొడితే తిరగేసుకోవాలి. నా వీపున ఎండ తగిలితే నా కుడే ఆయన కుడి.

గొడుగురాయి నిజంగానే విప్పిన గొడుగులా ఉంది. దాన్ని చుట్టి వచ్చాక దారి రెండైంది. స్వామికి ఎడమ, అంటే నాకు కుడి అనుకుంటూ రెండడుగులు వేసేశాను. కళ్ళలో ఎండ పడటం లేదని అప్పుడు తోచింది. వీపు మండుతోంది. రాయిని చుట్టి రావడంలో నేను తూర్పుకు తిరిగి ఉన్నాను. నాయనా, రేంజరూ, దొరా చేసిన తప్పే, అది తప్పని తెలిసిన నేను కూడా చేయబోయాను. వెనక్కి వచ్చి ఎడమకు తిరిగాను. పేరు పెట్టి పిలుస్తూ పరుగెత్తాను.

మూడోసారికో నాలుగోసారికో ఎక్కడో కింద నుంచి మూలుగు వినిపించింది.

దారి పక్క చిన్న పల్లంలో నారాయణ్ పడి ఉన్నాడు. కుడికాలు చీలమండ దగ్గర వంకర తిరిగి, వాచి, నల్లబడింది. పెదవులు పగిలి రక్తం అట్టకట్టింది. కానీ ఇత్తడి బిందె మాత్రం రాళ్ళ మధ్య నిలువుగా ఉంది, మూతికి కట్టిన తడిగుడ్డ కూడా చెదరలేదు. పడేటప్పుడు కాలు వదిలేసి బిందెను కాపాడుకున్నాడు. సగానికి పైగా నీళ్ళున్నాయి. పొద్దున్నుంచి చెయ్యి చాస్తే అందేంత దూరంలో నీళ్ళు పెట్టుకుని నా తమ్ముడు ఎండలో ఎండిపోతున్నాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వాడి మీద, నాయన మీద, పోయిన తాత మీద, అందరి మీదా వచ్చింది. గుడ్డ విప్పి బిందె వాడి నోటి దగ్గర పెట్టాను. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"అది స్వామి నీళ్ళు అక్కా."

"స్వామి గుళ్ళో నీడన ఉండాడు. నువ్వు ఎండలో ఉండావు. తాగు."

వాడు తల అడ్డంగా ఊపాడు. గడ్డం పట్టుకుని నోరు తెరిచి పోశాను. మొదటి గుక్కకు పొలమారింది. రెండో గుక్కకు వాడే బిందెను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆపించడానికి నేను బిందె లాక్కోవలసి వచ్చింది. మిగిలింది వాడి తల మీద, కాలి మీద పోశాను. నేనూ రెండు గుక్కలు తాగాను, ఎందుకు తాగకూడదు?

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. నా చున్నీతో కాలికి రెండు కర్రలు బిగించి కట్టాను. వాడు నా భుజం మీద చెయ్యి వేసి గెంతాడు, గెంతలేని చోట కూర్చుని జారాడు. ఖాళీ బిందె వదిలి రానన్నాడు, అది నా రెండో చేతికి తగిలించుకున్నాను. ఎండ కొండ వెనక్కి పోయింది. పొదల్లో ఏదో కదిలినప్పుడల్లా ఇద్దరం మాట ఆపేశాం. ఎర్రచందనం దొంగలనుకుని రేంజర్ మనుషులే మమ్మల్ని ఏమైనా చేస్తారేమో అని కూడా భయపడ్డాను. అందుకే జంటబండలు దగ్గరపడేకొద్దీ గట్టిగా గోవిందనామాలు చెప్పించాను. వాడు ఏడుస్తూనే చెప్పాడు.

బండల దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. ఉత్తరం దారికి అడ్డంగా, కాళ్ళు చాపుకుని, దారి మొత్తం తన ఒంటితోనే మూసేసినట్టు కూర్చున్నాడు. దగ్గరికి వస్తే నాయన. ముంజేతికి కంకణం అలాగే ఉంది.

నారాయణ్‌ను చూడగానే లేచి రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. వాడి కాలు చూశాడు, మొహం తడిమాడు. కంకణంతో ఎల్ల దాటావే అని నేను అడిగాను. మాట కటువుగానే వచ్చింది.

"మళ్ళా ఎవరన్నా వచ్చి కుడికి పోతారేమోనని" అన్నాడు. "దాటినదానికి శాంతి చేసుకుంటానులే."

తర్వాత నా చేతిలోని బిందె వైపు చూశాడు. తాగించేశానని చెప్పాను. ఏమైనా అంటే ఎదురు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆయన బిందె తీసుకుని, తన పైపంచెతో తుడిచి, పక్కన పెట్టాడు.

అంతలో పై నుంచి మాటలు వినిపించాయి. మునికృష్ణ ముందు, వెనక రేంజర్, ఆయన మనుషులు. మోచేతులు చెక్కుకుపోయి, చొక్కాలు చిరిగి, జారుడుబండ అంచుదాకా పోయి తిరిగి వచ్చారు. రేంజర్ ముందు నారాయణ్ నాడి చూసి, మనుషుల చేత కర్రలతో డోలీ కట్టించాడు. ఆ పని అయ్యాకే నాయన వైపు తిరిగి, తప్పు దారి చెప్పారేమిటండీ అన్నాడు. తప్పు చెప్పలేదు సార్, చెప్పడం తెలియక చెప్పినాను అని నాయన చేతులు జోడించాడు. మా నాయన స్వామికి తప్ప ఇంకొకరికి చేతులు జోడించడం నేను చూడలేదు.

రేంజర్ నా చేతిలోని ఫోన్ చూశాడు. తెర మీద నీలం గీత ఇంకా మెరుస్తోంది.

"దారి రికార్డయిందా మేడమ్? ఆ ఫైలు మాకు పంపించి మీ దగ్గర తీసేయండి. బయట ఉండకూడదు."

ఆయన తప్పేమీ లేదు, ఆయన రూలు ఆయనది. కానీ నాకు మళ్ళీ ఆ తెల్ల చోటే కనబడింది. దొరలు వదిలేసి పోయారు, ఆఫీసులు దాచాయి, మా ఇల్లు దాచింది. ఇందరు దాచినదాని మధ్యలో నా తమ్ముడు పొద్దంతా కాలు విరిగి పడి ఉన్నాడు. కావాలంటే ఇంకోసారి వెతుక్కోవడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండకూడదట.

"పంపిస్తాను సార్. తీసేయను" అన్నాను.

రేంజర్ నాయన వైపు చూశాడు, ఇంటి పెద్ద ఏదైనా అంటాడేమోనని. నేనూ చూశాను. ఈ దారి కోసం తాత కాలంనుంచీ తలుపులు మూసిన ఇల్లు మాది.

"ఉండనీ సార్ ఆ పిల్ల దగ్గర" అన్నాడు నాయన.

రేంజర్ ఆ పూటకు ఊరుకున్నాడు. తర్వాత ఆఫీసుకు పిలిపిస్తాడని నాకు తెలుసు, పిలిపించనీ. డోలీ ఎత్తుకుని వాళ్ళు ముందు నడిచారు. నాయనా నేనూ వెనక నడిచాం. కింద గుడిలో సాయంత్రం వాహనసేవకు మేళం మొదలైంది. ఎల్లరాయి దగ్గరికి వచ్చాక ఆయన ఆగి, ఖాళీ బిందె నా చేతికి ఇచ్చాడు.

"ఇంకా ఉత్సవాలు మిగిలుండాయి. రేపు పొద్దున నీళ్ళు నువ్వు తేవాల కమలినీ."

ఇన్నేళ్ళ కోపం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. నాకు దారి ఎప్పుడు చూపించావు అని అడిగాను. వాడికి చెబుతుంటే వంటింట్లోంచి దొంగతనంగా విన్నదే తప్ప నాకంటూ ఎవరు చెప్పారన్నాను.

"తెలుసు" అన్నాడు నాయన. "నువ్వు లోపల ఉండావనే అంత గట్టిగా చెప్తా ఉండినాను."